మా అత్తగారు బావున్నాయన్న నీళ్లు

మా అత్తగారికి ప్లాంటు నీళ్లు పడవు. ఎవరింటికైనా పేరంటానికి వెళ్తే, వాళ్లు మర్యాదగా క్యాన్‌లోంచి గ్లాసు నింపి ఇస్తే, ఒక్క గుక్క నోట్లో పోసుకుని పెరట్లోకి వెళ్లి ఉమ్మేసి వచ్చేవారు. "చచ్చిన నీళ్లమ్మా ఇవి, రుచీ పచీ లేదు" అని ఆ ఇంటావిడ మొహం మీదే అనేవారు. నాకు తల కొట్టేసినట్టయ్యేది. ఇంటికొచ్చాక "కాస్త సర్దుకోకూడదా అత్తయ్యా" అంటే, "నీళ్ల దగ్గర మొహమాటమేంటే" అని నన్నే కసిరేవారు. నేను హైస్కూల్లో సైన్సు టీచర్ని. క్లాసులో ఎవర్నీ నోరెత్తనివ్వను. ఇంట్లో ఆవిడ ముందు మాత్రం నా నోరు లేచిన రోజులు తక్కువ.

మాది గుడివాడ దాటి కొల్లేరు వైపు వెళ్లే దారిలో, కాలువకి చిట్టచివరన ఉన్న ఊరు. విజయవాడలో బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్లు దారిలో ఊళ్లన్నిటి అవసరాలూ తీరాక, మిగిలితే మా దాకా వస్తాయి. ఊరి చుట్టూ ఎటు చూసినా చేపల చెరువులే. విజయవాడ నుంచి కార్లలో వచ్చే చుట్టాలు గట్టు మీద నిలబడి "ఎన్ని నీళ్లో" అని ఫొటోలు తీసుకుంటారు. నాకు ఒళ్లు మండుతుంది. అందులో గుక్కెడు తాగడానికి పనికిరావు. బోరు వేస్తే ఉప్పు. ఊరందరికీ ఉన్నది ఒకటే మంచినీళ్ల చెరువు, అదీ కాలువ నీళ్లతో నింపుకుంటేనే. కుళాయిలు లేకపోలేదు. కానీ మా ఊళ్లో కుళాయి నీళ్లు వాడకానికి, రేవులో ముంచుకొచ్చిన నీళ్లు తాగడానికి. రెండూ ఆ చెరువువే కదా అని నేను కాపరానికి వచ్చిన కొత్తల్లో అడిగితే అందరూ నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూశారు.

ఆ చెరువుకి కాపలా ఎవరని పంచాయతీని అడిగితే ఏదో చెబుతారు గానీ, నిజానికి మా అత్తగారే. పొద్దున్నే రేవు మెట్ల మీద కూర్చునేవారు. బిందె అడుగున మసి ఉంటే వెనక్కి పంపేవారు. రేవులో కాళ్లు కడిగితే ఇంతే సంగతులు. గేదెల్ని దింపిన వాళ్లని ఇంటిదాకా వెళ్లి కడిగేసి వచ్చేవారు. మా మరిది చిన్నప్పుడు అందులో ఈత కొట్టాడని వీపు వాయగొట్టారట, ఆ కథ అతనే నవ్వుతూ చెప్పేవాడు. ఆవిణ్ణి తిట్టుకునేవాళ్లు చాలామందే. అయినా వేసవిలో చెరువులోకి కొత్త నీళ్లు వచ్చిన రోజున మాత్రం ఆవిడ రాకుండా ఎవరూ బిందె ముంచరు. ఆవిడ పసుపూ కుంకుమా వేసి, దండం పెట్టి, చెంగు మడత వేసి బిందె మూతి మీద కప్పి ముంచి, ఒక దోసెడు తాగి, "బావున్నాయి, పట్టుకెళ్లండి" అనాలి. అది ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు. ఆవిడ అత్తగారు కూడా అలాగే చేసేదట.

వేసవిలో కాలువలు కట్టేస్తారు. మధ్యలో ఒకసారి, మంచినీళ్ల చెరువులు నింపుకోవడానికని కొద్దిరోజులు వదులుతారు. ఆ వచ్చిన నీళ్లే మళ్లీ సార్వా పంటకి కాలువ వచ్చేదాకా మా ఊరి ప్రాణం. మొదట వచ్చే నీళ్లు కాలువలో ఉన్న చెత్తంతా మోసుకొస్తాయి కాబట్టి వాటిని కిందికి పోనిచ్చి, తేటపడ్డాక చెరువు తూము ఎత్తుతారు. ఆ నీళ్లు పారుతున్నన్నాళ్లూ చేపల చెరువుల వాళ్లెవరూ కాలువలోకి నీళ్లు తోడకూడదని కట్టుబాటు. రాసిపెట్టుకున్నది కాదు. అందరికీ తెలిసిందే.

నేను చెబుతున్న ఆ వేసవిలో చెరువు బాగా దిగిపోయింది. రేవు చివరి మెట్టు కింద బురద బయటపడింది. మా అత్తగారు రోజూ వెళ్లి చూసి వచ్చి "ఎప్పుడు వదులుతారటే?" అని నన్ను అడిగేవారు, నేనేదో బ్యారేజీ దగ్గర కూర్చున్నట్టు. చివరికి వదిలారు. మొదటి నీళ్లు పోయాయి, తూము ఎత్తారు. చెరువు సగానికి వచ్చింది. ఆవిడ పసుపు కుంకుమ భరిణె తుడిచి పెట్టుకున్నారు.

మర్నాడు తెల్లవారుతుండగా మా మరిది వచ్చాడు. మా పెరటి గోడ పక్కనే వాళ్లిల్లు. కాలువ పక్కన, తూముకి ఎగువన అతనికి చేపల చెరువు ఉంది. రెండు రోజులుగా మబ్బు పట్టి ఉంది, దానికి తోడు కరెంటు లేక నీళ్లు చిలికే ఏరేటర్లు ఆగిపోయాయి. చొక్కా బురద, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"చేపలు పైకి తేలిపోతున్నాయమ్మా. నోళ్లు తెరుస్తున్నాయి. ఇవాళ పట్టుబడి చేయకపోతే ఒక్కటీ దక్కదు" అన్నాడు. పట్టుబడి అంటే చెరువులో నీళ్లు తోడేసి వల లాగడం.

"తోడి ఎక్కడ పోస్తావు?" అన్నాను నేను. నాకు జవాబు తెలుసు. మురుగు డ్రెయిను అతని చెరువుకి అవతలి వైపు ఉంది. మధ్యలో చెరువు తవ్వుకున్నాయన గట్టు ఎత్తు చేసి దారి మూసేశాడు, పైపు వేసుకుంటానంటే వెయ్యనివ్వలేదు.

"కాలువలోకే వదినా. వేరే దారేది?"

"ఏమయ్యా, తూము ఎత్తి ఉంది. చెరువు నిండుతోంది. నువ్వు కోళ్ల ఎరువు వేసిన చెరువు అది."

"ఒక్క పూటే. పారే నీళ్లు కదా, కలిసిపోతాయి."

"అయితే ఆ పూట తూము దింపించు."

"దింపితే చెరువు నిండదు. రేపో మాపో కాలువ కట్టేస్తారంట. సగం చెరువుతో ఊరు ఎన్నాళ్లు ఉంటుంది, మీరే చెప్పండి."

తూము దింపితే ఊరికి నీళ్లు చాలవు. ఎత్తి ఉంచితే ఆ కుళ్లు నీళ్లు లోపలికి వస్తాయి. ఇంజను పెట్టొద్దంటే అతను మునిగిపోతాడు. అతను దుర్మార్గుడైతే నాకు ఈ బాధ ఉండేది కాదు, నాలుగు కడిగేసి ఊరుకునేదాన్ని. నాకు ఆపరేషన్ అయినప్పుడు రక్తం ఇచ్చింది అతనే. మా వారు విజయవాడలో ఉద్యోగానికి పోయి వారానికోసారి వస్తే, ఇంటికి మగదిక్కుగా ఉన్నదీ అతనే.

నేను మా అత్తగారి వైపు చూశాను. ఒక్కమాట అంటారని. గేదె తోక తడిపితేనే ఊరుకోని మనిషి కదా. ఆవిడ కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే కూర్చున్నారు. కొడుకు వెళ్లిపోయాడు. కాసేపటికి కాలువ వైపు నుంచి ఇంజను చప్పుడు వినిపించింది.

మధ్యాహ్నానికి చెరువులోకి వచ్చే నీళ్ల రంగు మారింది. ఆకుపచ్చా నలుపూ కలిసిన రంగు, మీద నురగ. వాసన గట్టు మీదికే వచ్చేసింది. జనం పోగయ్యారు. నేనూ వెళ్లాను. "ఇంజను పెట్టినాయన్ని పిలిపించండి" అని ఒకరు, "ఆఫీసరు గారికి ఫోన్ చేయండి" అని ఒకరు. అరిచేవాళ్లలో సగం మందికి చేపల చెరువులున్నాయి. వాళ్లేదో ఎప్పుడూ కాలువలోకి చుక్క వదలనట్టు అరుస్తుంటే నాకు ఇంకా మండింది. అయినా వాళ్ల మాట తప్పని ఎలా అంటాను? తూము చూసే ఆయన ఎత్తాలో దించాలో తెలియక చక్రం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

అప్పుడు మా అత్తగారు వచ్చారు. తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, చంకన ఇత్తడి బిందె. జనం పక్కకి తప్పుకున్నారు. ఆవిడ ఎవరితోనూ మాట్లాడకుండా రేవు దిగి, పసుపు వేశారు, కుంకుమ వేశారు, దండం పెట్టారు. నాకు అర్థమైంది.

"అత్తయ్యా, వద్దు. వాసన చూడండి" అన్నాను, అందరి ముందూ, గట్టిగానే.

"నువ్వుండమ్మాయ్" అన్నారు, వెనక్కి తిరక్కుండా.

చెంగు మడత వేసి బిందె మూతి మీద కప్పారు. ముంచారు. దోసిట్లోకి వంచుకుని తాగారు. ఒకసారి కాదు, రెండోసారి కూడా. ప్లాంటు నీళ్లు పెరట్లో ఉమ్మేసే మనిషి ఆ నీళ్లు మింగి, చెంగుతో మూతి తుడుచుకుని, జనం వైపు తిరిగారు.

"బావున్నాయి, పట్టుకెళ్లండి" అన్నారు.

"పెద్దావిడే తాగాక ఇంకేముందండి మాట్లాడేది" అని ఎవరో అన్నారు. మాట పడాల్సిన కొడుకు మాట పడకుండా బయటపడ్డాడు. ఆవిడ బిందె చంకనెత్తుకుని నన్ను దాటి వెళ్లిపోయారు. ఆడవాళ్లు ఒక్కొక్కరే రేవు దిగారు. నేను అడ్డం నిలబడి "ముంచకండి, ఈ నీళ్లు తాగకండి" అంటూనే ఉన్నాను. వాళ్లు నన్ను నెట్టలేదు, తిట్టలేదు. పక్కనుంచి వెళ్లారంతే. ఊరి చివర కూలీలుండే కొల్లేరు కాలనీ నుంచి ఒకావిడ అప్పుడే మా మరిది చెరువు దగ్గర చేపలు ఏరే పని మధ్యలో వచ్చింది, చేతులకి పొలుసులు అంటుకునే ఉన్నాయి. "పర్లేదులెండి టీచరు గారూ, అమ్మగారు తాగారుగా" అని నవ్వి, బిందె నింపుకుని వెళ్లింది.

ఆ సాయంత్రం కాలనీలో ఇల్లిల్లూ తిరిగాను. కాచి తాగండి, కాచి చల్లార్చి తాగండి. నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. అందరూ సరేనండి అన్నారు. అన్నానికి గ్యాసు సరిపెట్టుకోవడమే గండంగా ఉన్న ఇళ్లలో బిందెడు నీళ్లు ఎక్కడ కాస్తారు? అందరూ ఎప్పటిలాగే పటిక తిప్పారు. పటిక తిప్పితే మడ్డి అడుక్కి పోయి నీళ్లు తేరుకుంటాయి. తేరుకున్నాయి కాబట్టి మంచివే అనుకుంటారు. నేను ప్రతి సంవత్సరం పిల్లలకి ఈ పాఠం చెబుతాను, తేటగా ఉన్నంత మాత్రాన శుభ్రమైనవి కావని. వాళ్లు పరీక్షలో రాసేస్తారు కూడా.

ముందు పడిపోయింది మా అత్తగారే. విరేచనాలు, వాంతులు. ఆ తర్వాత కాలనీలో, ఆ తర్వాత మా వీధిలో. మా ఇంట్లో నేను కాచిన నీళ్లు విడిగా పెట్టినా ఆవిడ ముట్టుకోలేదు, తన బిందెలోవే తాగారు. మా మరిది ఎత్తుకుని కారులో పడుకోబెట్టి విజయవాడ తీసుకెళ్లాడు. గవర్నర్‌పేటలో ఒక నర్సింగ్ హోమ్‌లో చేర్చాం. ఒంట్లో నీళ్లన్నీ పోయి, కిడ్నీల మీద దెబ్బ పడిందన్నారు డాక్టరు గారు. "ఈ వయసులో ఇంకోసారి ఇలా అయితే తట్టుకోలేరండి. నీళ్ల విషయంలో జాగ్రత్త" అని నాకూ, మా వారికీ, మరిదికీ విడివిడిగా చెప్పారు. మరిది మంచం కాళ్ల వైపు స్టూలు మీద కూర్చుని లేవలేదు. తల్లి పాదాలు ఒళ్లో పెట్టుకుని నొక్కుతూనే ఉండేవాడు.

సెలైన్ ఎక్కుతుంటే ఆవిడ అడిగిన మొదటి మాట, "కాలనీలో ఎవరికన్నా వచ్చిందా?"

"ఎవరికీ రాలేదమ్మా" అన్నాడు అతను.

ఆవిడ నా వైపు చూశారు. నాకు అబద్ధం చేతకాదు, మొహం తిప్పుకున్నాను.

మర్నాడు కాలనీ ఆవిడ వచ్చింది, ఆ రోజు గట్టు మీద నవ్వి వెళ్లినావిడే. కూతురు పురిటికి వచ్చి ఉంది, చంటిబిడ్డ తల్లి. ఆ అమ్మాయిని విజయవాడలోనే పెద్దాసుపత్రిలో చేర్చారు. మేం ఇక్కడ ఉన్నామని తెలిసి, దారి అడుక్కుంటూ, చేతిలో బత్తాయిల సంచితో వచ్చింది. పోట్లాటకి వచ్చిందేమో అనుకున్నాను. రాకపోతే బాగుండు అనుకున్నాను. పోట్లాడితే బాగుండు అని కూడా అనుకున్నాను.

ఆవిడ గుమ్మం దగ్గరే చెప్పులు విప్పి లోపలికొచ్చి, "ఎలా ఉన్నారమ్మగారూ" అంది. మంచం పక్కన నిలబడి కళ్లు తుడుచుకుంది. "మీక్కూడా పడలేదేంటమ్మగారూ ఆ నీళ్లు? మా పిల్లకి కొత్త నీళ్లు ఇప్పుడే వద్దులే అనుకున్నా. ప్లాంటు క్యాన్ ఒకటి తెప్పించి పెట్టా దానికోసం. మీరు తాగారుగా అని, ఇంక భయమేముందని, అవే ఇచ్చా."

మా అత్తగారు కళ్లు మూసుకున్నారు. మరిది లేచి బయటికి వెళ్లిపోయాడు. నేను బత్తాయిల సంచి అందుకుని, అమ్మాయికి ఎలా ఉందని అడిగాను. పాలు ఎండిపోయాయట. బిడ్డకి డబ్బా పాలు పడుతున్నారట. ఆ పాలు కలపడానికి ఇక్కడ మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయని ఆవిడ నన్నడిగింది. కిందికి తీసుకెళ్లి చూపించాను.

ఊళ్లో ఏమీ చేయలేదని కాదు. వాటర్ సప్లై ఇంజనీరు గారు వచ్చారు, మంచి మనిషి. సీసాల్లో నీళ్లు పట్టుకెళ్లారు. చెరువంతా బ్లీచింగ్ కలిపించారు. "ఖాళీ చేసి మళ్లీ నింపుకోవాలండి, అదొక్కటే దారి" అన్నారు. దేంతో నింపుకోవాలని నేనడిగితే, కాలువ కట్టేశారు కదా అని ఆయనే అన్నారు. ట్యాంకరు కొన్నాళ్లు వచ్చింది. ట్యాంకరు దగ్గర కొట్టుకున్నారు, కుళాయి దగ్గర ఏనాడూ కొట్టుకోని మనుషులు. తర్వాత వేరే ఊరికి వెళ్లింది, అక్కడ అసలు చెరువులో బురదే మిగిలిందట. ఏం అంటాం. కాలనీ ఆడవాళ్లు మళ్లీ బిందెలు పట్టుకుని రేవుకి వచ్చారు. నేను స్కూలుకి వెళ్తూ దారిలో చూసేదాన్ని. మొదట్లో ఆగి చెప్పేదాన్ని. తర్వాత చెప్పడానికి నా దగ్గర ఏముంది? కాచమంటాను, సరేనంటారు. ఒకసారి ఒకావిడ "మరి ఏం తాగమంటారు టీచరు గారూ" అని నిజంగా తెలుసుకోవడానికే అడిగింది. నాకు ఏడుపొచ్చింది.

మా అత్తగారు ఇంటికొచ్చారు. మనిషి సగమయ్యారు. రేవుకి వెళ్లడం మానేశారు. మరిది రోజూ ప్లాంటు నుంచి క్యాన్ తెచ్చి వరండాలో పెట్టేవాడు. మధ్య చెరువు ఆయన కాళ్లావేళ్లా పడ్డాడట, డ్రెయిను దాకా పైపు వేసుకోనివ్వమని. ఆయన ఒప్పుకోలేదు. మరిది తన చెరువులో మళ్లీ చేపపిల్ల వేశాడు, వేయక చేసేదేముంది. మొదటి రోజు క్యాన్ మీద మూత తీసి గ్లాసులో పోసి తల్లి చేతికిచ్చాడు. ఆవిడ ఆ గ్లాసు పక్కన పెట్టి, "అమ్మాయ్, నా బిందెలోవి తే" అన్నారు నాతో.

నేను తేలేదు. డాక్టరు గారి మాట గుర్తు చేశాను. బతిమాలాను, అరిచాను. అన్నం మానేశారు. ఆ రోజంతా నోట్లో చుక్క నీళ్లు పోసుకోలేదు. పెదాలు ఎండిపోయి చీరుకుపోయాయి. ఇక నా చేతుల్లో ఏం లేదని తెలిసిపోయింది. చెరువు నీళ్లే తెచ్చి పొయ్యి మీద పెట్టాను. కాగుతుంటే ఆ వాసన ఇంకా పైకి లేచింది. రెండుసార్లు వడకట్టాను, చల్లార్చాను, గ్లాసులో పోశాను. తేటగా తేరుకున్నా వాసన మాత్రం పోలేదు.

ఆవిడ గ్లాసు ఎత్తుతుంటే మరిది వచ్చి మంచం ముందు కింద కూర్చున్నాడు. "అమ్మా, వద్దే. నీ కాళ్లు పట్టుకుంటా. నన్ను తిట్టు, కొట్టు. ఇవి మాత్రం తాగొద్దు."

"బావున్నాయని ఊరందరికీ చెప్పింది నేనే కదరా" అన్నారు ఆవిడ. గొంతులో కోపం లేదు. "వాళ్లంతా అవే తాగుతున్నారు. నేనొక్కదాన్నీ ఎట్లా మానెయ్యను?"

ఆవిడ గ్లాసుడూ తాగి నా చేతికిచ్చి, దాహం తీరలేదు ఇంకొంచెం పొయ్యమన్నారు. పోశాను.